మూడు బటన్లు, ఒక వేలు

రేటింగుల ఆఫీసర్ శుక్రవారం ఉదయం పదిన్నరకి తన కుర్చీలోనే చనిపోయాడు. కాఫీ సగం తాగాడు, మిగిలిన సగంలో విషం ఉందని మధ్యాహ్నానికల్లా ల్యాబ్ వాళ్ళు తేల్చారు. పక్క హాల్లో పన్నెండుమంది గుమాస్తాలున్నారు, గాజు తలుపు అవతల రిసెప్షనిస్టు ఉంది, ఎవరూ ఏమీ చూడలేదు. ఆయన ఎప్పుడూ తల వంచుకునే పనిచేసే మనిషి కావడంతో, తల వాల్చేశాక కూడా పావుగంట దాకా ఎవరికీ అనుమానం రాలేదు.

దేశంలో ఎవరు ఏ ప్రోగ్రాం చూస్తున్నారో తేల్చి చెప్పే కంపెనీ అది. ఆరువందల ఇళ్ళు ఎంచుకుని, టీవీ పక్కన ఒక నల్లటి పెట్టె పెడతారు. ఇంట్లో ఎంతమంది ఉంటే పెట్టె మీద అన్ని బటన్లు. టీవీ ముందు కూర్చున్న మనిషి తన బటన్ నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కి ఆర్పాలి. ఆ ఆరువందల ఇళ్ళ బటన్లను బట్టి దేశం మొత్తం ఏం చూస్తోందో, ఏ సబ్బు కొంటుందో, ఎవరి మాట వింటుందో చెప్పేస్తారు. ఒక్క మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందో లేదో చెప్పడం లాంటిదే. కాకపోతే మెతుకు అబద్ధం చెప్పదు.

మూడింటికి సర్వేయర్‌కి పిలుపు వచ్చింది.

అతను సర్వేయర్ కాదు. బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే ఉద్యోగమని వీధిలో అందరూ అనుకుంటారు, భార్య సగం నమ్ముతుంది, కూతురు అసలు పట్టించుకోదు. అతను నిజంగా పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో కూడా ఆ పేరే స్థిరపడిపోయింది. డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక డ్రైవింగ్ స్కూలు వెనకాల ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే కౌంటర్ దగ్గర మాట చెప్పాలి.

"రివర్స్ ఒక్కటే నేర్పిస్తారా?" అన్నాడు సర్వేయర్.

"ముందుకెళ్ళడం వచ్చినవాళ్ళకే," అంది కౌంటర్‌లో ఉన్నామె, గోళ్ళ వంక చూసుకుంటూ. తలుపు తెరుచుకుంది.

పెద్దాయన బల్ల మీద మూడే వస్తువులున్నాయి: ఒక టేప్‌రికార్డర్, ఒక కాగితాల కట్ట, ప్లాస్టిక్ కవర్లో ఒక చిన్న చీటీ. డిపార్ట్‌మెంట్‌ని పెద్దాయన పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాడు. మాటలు పొదుపుగా వాడతాడు.

ఆదివారం దేశమంతా ఓటింగ్. ఓడరేవుని ఒక విదేశీ కంపెనీకి తొంభై ఏళ్ళు లీజుకి ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. వద్దనేవాళ్ళే ఎక్కువమందని అందరికీ తెలుసు, ఆ కంపెనీకి మరీ బాగా తెలుసు. అందుకని వాళ్ళు ఓటర్లను కొనే పని పెట్టుకోలేదని, ఓటర్లను ఇంట్లో కూర్చోబెట్టే పని పెట్టుకున్నారని పెద్దాయన చెప్పాడు. శనివారం సాయంత్రం ఏదో ఒక ఛానెల్లో ప్రకటనల మధ్య నలభై సెకన్ల ఆర్డరు వస్తుంది. ప్రభుత్వ ముద్ర, సైరన్, ఒక తండ్రి గొంతు. తమవైపు ఓటేసేవాళ్ళకు ఇది ఉత్తదేనని ముందే చెప్పిపెట్టారు. ఏ ఛానెలో, ఎన్నింటికో తెలియదు. నడిపిస్తున్నవాడు మాత్రం తెలుసు: కన్సల్టెంట్ అని పిలవబడే ఒక విదేశీ ప్రకటనల నిపుణుడు.

"విను," అని పెద్దాయన టేపు నొక్కాడు.

"రేపు ఎవరూ గడప దాటకండి. ఎందుకని అడగకండి. నాన్న చెప్పాడు, అంతే."

పెద్దాయన టేపు ఆపాడు.

"నీ గొంతే కదయ్యా?"

"నాదే సార్. పాత రికార్డింగుల్లోంచి మాటలు కోసి అతికించారు."

అందులో దాచడానికేమీ లేదు. పదిహేనేళ్ళ క్రితం, డిపార్ట్‌మెంట్‌లోకి రాకముందు, అతను ఒక ప్రకటనల ఏజెన్సీలో రాతగాడు. ఒక టూత్‌పేస్ట్ ఎంతకీ అమ్ముడుపోక మూలుగుతుంటే, ఇంటింటికీ తిరిగి అడగడానికి అతనొక ప్రశ్నల పత్రం తయారుచేశాడు. మీ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? పెద్దవాళ్ళు చెప్పిన పని పిల్లలు ఎందుకని అడగకుండా చేయాలంటారా? దేశానికి మంచి జరగాలంటే చర్చలు ఎక్కువ కావాలా, గట్టిగా చెప్పే మనిషి కావాలా? అవును, కాదు, తెలీదు. జవాబులు కుప్పపోసి చూస్తే ఒక సంగతి బయటపడింది. రిమోట్ ఒకే చేతిలో ఉన్న ఇళ్ళలో కారణాలు చెప్పే ప్రకటన పనిచేయదు, ఆజ్ఞాపించే ప్రకటన పనిచేస్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నది సామెత. అతను దాన్ని పర్సెంటేజీల్లో నిరూపించాడు.

అప్పుడు ఆ ప్రకటన పుట్టింది. ఒక తండ్రి వీపు మాత్రం కనిపిస్తుంది, పిల్లలు బ్రష్షులు పట్టుకుని వరసగా నిలబడతారు, "నాన్న చెప్పాడు, అంతే" అని ఒక గొంతు. రికార్డింగ్ రోజున డబ్బింగ్ ఆర్టిస్టు రాలేదు. నిడివి సరిచూసుకోవడానికి రాతగాడే చదివాడు. విన్న క్లయింటు వేరే గొంతు అక్కర్లేదన్నాడు. ఏడాది తిరిగేలోగా ఆ పేస్ట్ లేని ఇల్లు లేదు. జనం ఆ మాటను సరదాగా వాడేవాళ్ళు, సరదాగానే మొదలుపెట్టారు. తర్వాత తర్వాత బస్సుల్లో కండక్టర్లూ, బళ్ళో హెడ్మాస్టర్లూ, చివరికి మీటింగుల్లో మంత్రులూ వాడారు. ఎవరూ నవ్వడం లేదని అతను కాస్త ఆలస్యంగా గమనించాడు.

పెద్దాయన కాగితాల కట్ట తిప్పాడు. టేపుతోపాటు కన్సల్టెంట్ మనిషి దగ్గర దొరికిన జాబితా అది. ఆరువందల ఇళ్ళను మాట వినే క్రమంలో పేర్చారు. ప్రకటన వచ్చినా లేవకుండా ఇంటిల్లిపాదీ చివరిదాకా చూసే ఇల్లు పైన, లేచి తిరిగే ఇల్లు కింద.

"మొదటి ఇల్లు చూడు."

చూడనక్కర్లేదు, ఆ చిరునామాకే అతను రోజూ తిరిగి వెళ్తాడు. నాలుగేళ్ళ క్రితం పెట్టె పట్టుకుని మెకానిక్ వచ్చినప్పుడు, బీమా సర్వేయర్ ఎందుకు కాదంటాడని అనుమానం రాకుండా ఒప్పుకున్నాడు.

"నాకు ఒకటే ఆశ్చర్యం," అన్నాడు పెద్దాయన. "మా ఇంట్లో ప్రకటన రాగానే మనిషి మిగలడు. మీ ఇంట్లో ముగ్గురూ అతుక్కుపోయి చూస్తారా?"

"ఏదో, అలవాటు సార్."

"సరే. ఇది చనిపోయినాయన జేబులో దొరికింది. దీని గుట్టు విప్పడానికి సైఫర్ సెక్షన్ మధ్యాహ్నం నుంచి కొట్టుకుంటోంది. అంతుపట్టలేదు."

చీటీ మీద పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి ఉంది: మూడు బటన్లు, ఒక వేలు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సర్వేయర్ తన కుడిచేతి చూపుడువేలిని అరచేతిలోకి ముడుచుకున్నాడు. అతనికి ఆ చీటీ చూడగానే అర్థమైంది. ఇంట్లో మూడు బటన్లూ నొక్కేది అతనే. టీవీ పెట్టగానే తనది, భార్యది, కూతురిది టకటకా నొక్కేస్తాడు. వాళ్ళు వచ్చి కూర్చుంటారని మొదట్లో నొక్కాడు. రాకపోయినా నొక్కాడు. ఇంటిల్లిపాదీ కలిసి చూడాలన్నది అతని నియమం, నియమం అమలవుతున్నట్టు పెట్టె చెబుతుంటే మనసుకి నెమ్మదిగా ఉండేది. జాబితాలో పైనున్న ఇళ్ళన్నిట్లోనూ అలాంటి వేలొకటి ఉండి ఉంటుంది. అంటే దేశం చేతులు కట్టుకుని వింటోందన్న లెక్కంతా డొల్ల. రేటింగుల ఆఫీసర్ అది కనిపెట్టి బయటపెట్టబోయాడు. ఓడరేవు కంపెనీకి ఆ లెక్క చూపించి పని సంపాదించిన కన్సల్టెంట్ ఆయన నోరు మూయించాడు.

ఇదంతా అక్కడే, అప్పుడే చెప్పేయవచ్చు. చెబితే ఆ సంగతి ఓడరేవు కంపెనీ చెవిన వేయడం పెద్దాయనకి నిమిషం పని, వ్యవహారం అక్కడితో చెడిపోయేది. కానీ చెప్పాలంటే ముందు ఆ వేలు ఎవరిదో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ పిల్ల తండ్రి, ఖాళీ సోఫా పక్కన కూర్చుని బటన్లు నొక్కుకునే మనిషినని పెద్దాయన ముందు ఒప్పుకోవాలి.

"నాకూ తెలీడం లేదు సార్," అన్నాడు.

శత్రువు గన్ను గురిపెట్టినా బయటపెట్టనివి అతను చాలా దాచాడు. సిగ్గుతో దాచింది ఇదొక్కటే, ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిదీ ఇదొక్కటే.

శనివారం ఉదయం కూతురు ఓటరు చీటీని పుస్తకంలో పెట్టి నలగకుండా చదును చేస్తోంది. ఇది ఆమె మొదటి ఓటు. ఆ ఆర్డరు బయటికొస్తే గొడవలు జరగొచ్చని తండ్రికి తెలుసు, ఎందుకో చెప్పే వీల్లేదు. భయం పావు వంతు, అలవాటు ముప్పావు వంతు కలిసి నోట్లోంచి మాట జారింది.

"రేపు నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"ఎందుకు?"

"చెప్పాను కదా."

కూతురు పుస్తకం మూసింది. చిన్నప్పుడు ఈ పిల్ల బళ్ళో అందరికీ టీవీలో మాట్లాడేది మా నాన్నేనని చెప్పుకుని మురిసిపోయేది. ఇప్పుడు ఆ మాటనే ఏ భావమూ లేకుండా అంది.

"నాన్న చెప్పాడు, అంతే."

లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. భార్య వంటింటి గుమ్మంలోంచి అంతా చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. కన్సల్టెంట్ అంత ఖర్చుపెట్టి సాయంత్రం చేయబోయే పనిని తను పొద్దున్నే ఉచితంగా చేసేశానని సర్వేయర్‌కి బూట్లు వేసుకుంటుండగా తట్టింది. వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాలనిపించింది. టైం లేదని సర్దిచెప్పుకుని వెళ్ళిపోయాడు. నిజానికి టైం ఉంది.

నాలుగింటికి హోటల్ లాంజ్‌లో యాంకర్‌ని కలవాలి. ముందే రికార్డు చేసి శనివారాలు సాయంత్రం ఆరింటికి వేసే కుటుంబాల క్విజ్ నడిపేది ఆమే. ఆమె నడిచి వస్తే లాంజ్‌లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ముత్యాల కమ్మలు, నల్ల కళ్ళద్దాలు, ఎక్కడో దూరంగా ఎవరినో చూసి నవ్వుతున్నట్టుండే నవ్వు. రెండేళ్ళుగా కన్సల్టెంట్ ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేస్తోంది. డిపార్ట్‌మెంట్ కబుర్లు ముఠాకి చేరవేస్తోందని పెద్దాయన అనుమానం. రెండూ నిజమే.

"ఏసీ కాస్త ఎక్కువైనట్టు లేదూ?" అన్నాడు సర్వేయర్.

"ఎక్కువేం కాదు, తలుపు మూయరు, అదే బాధ," అందామె. కోడ్ సరిపోయింది.

ఆమె మెనూ కార్డు వెనకనుంచి చెప్పింది. ఆమె ఛానెల్లోనే, ఆమె క్విజ్‌లోనే, రెండో బ్రేక్‌లో, ఆరు గంటల పద్నాలుగు నిమిషాలకు. పాత టూత్‌పేస్ట్ ప్రకటన పేరుతోనే టేపు మార్చి పెట్టారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మేనేజరుకి ఫోన్ చేసినా లాభం లేదు, అతనూ వాళ్ళ మనిషే. ప్రసారమంతా నడిపే మాస్టర్ కంట్రోల్ గది తాళం ఆమె దగ్గర ఉంది. సర్వేయర్ బూటు మడమలో ఉన్న ట్రాన్స్‌మిటర్‌లో పెద్దాయనకి సంగతి చెప్పాడు. మనుషుల్ని పంపుతున్నానని, వాళ్ళు వచ్చేసరికి ఆలస్యం కావచ్చని, ఈలోగా వెళ్ళమని మడమ జవాబిచ్చింది.

ఐదూ యాభైకి ఒక ఎలక్ట్రీషియన్ నిచ్చెన భుజాన వేసుకుని ఛానెల్ గేటు దాటాడు. నిచ్చెన మోసే మనిషిని ఏ దేశంలోనూ ఎవరూ ఆపరు. మీసం అతికించినది, చొక్కా జేబులో టెస్టరు నిజమైనది, ప్యాంటు జేబులో నలభై రకాల తాళాలు తీసే డిపార్ట్‌మెంట్ తాళంచెవి. కారిడార్ చివర యాంకర్ నిలబడి ఉంది. అనౌన్సర్ బూత్ తలుపు తెరిచి, ఇందులోంచి మాస్టర్ కంట్రోల్‌లోకి లోపలి దారి ఉందని చెయ్యి చూపించింది.

సర్వేయర్ లోపలికి వెళ్ళాడు. లోపలి దారి లేదు. వెనకాల తలుపు మూసుకుంది, తాళం పడింది.

గోడలకు మందంగా మెత్తలు వేసిన చిన్న గది అది. ఒక కుర్చీ, ఒక మైకు. ప్రసారం మధ్యలో ఆగిపోతే అనౌన్సర్ అందులో కూర్చుని, అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పడానికి కట్టారు. ఎదురుగా గాజు కిటికీ, దాని అవతల మాస్టర్ కంట్రోల్. డ్యూటీ ఇంజనీరు టీ కప్పు పక్కన తలపెట్టి గుర్రు పెడుతున్నాడు, ఊపిరి ఆడుతోంది. యాంకర్ అటువైపు నుంచి ఆ గదిలోకి వచ్చి, ఇంజనీరు పక్క కుర్చీలో కూర్చుంది. గోడ మీద గడియారం ఆరూ ఎనిమిది చూపిస్తోంది. డిపార్ట్‌మెంట్ తాళంచెవిని అతను తలుపులో రెండుసార్లు తిప్పి చూశాడు. ఇది నలభై ఒకటో రకం.

గాజుకి అటూ ఇటూ మాట్లాడుకునే చిన్న స్పీకర్‌లోంచి ఆమె గొంతు వచ్చింది. "అరిచినా బయటికి వినపడదండీ. నేను ఈ ఫేడర్ మీట పైకి తోస్తే తప్ప మైకు పలకదు. ఏమీ అనుకోకండి."

"టేపు ఆపండి."

"నా చేతిలో లేదు. మిషన్ కోడ్ కన్సల్టెంట్‌కే తెలుసు. అయినా ఎందుకు ఆపాలి? ఎవరినీ చంపడం లేదుగా. జనం ఒకరోజు ఇంట్లో ఉంటారు. వాళ్ళకి అదే ఇష్టం. ఎనభై ఆరు శాతం ఇళ్ళలో ఇంటిల్లిపాదీ మీ గొంతు వినపడితే కదలరు. నేను లెక్కలు చూశాను."

ఆరూ పదకొండు. క్విజ్‌లో ఒక కుటుంబం జవాబు చెప్పలేక తెల్లమొహాలు వేసుకుంటోంది. మడమలో ట్రాన్స్‌మిటర్ మూగబోయింది, ఈ గోడలు దాన్ని కూడా మింగేశాయి. సర్వేయర్ దగ్గర ఇంకే పరికరమూ మిగల్లేదు. శుక్రవారం నుంచి దాచుకున్న సిగ్గు ఒక్కటే మిగిలింది.

"ఆ లెక్క అబద్ధం," అన్నాడు. "జాబితాలో మొదటి ఇల్లు మాది. మూడు బటన్లూ నేనే నొక్కుతాను. నా భార్య వంటింట్లో ఉంటుంది. మా అమ్మాయి నేను టీవీ పెట్టగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. నాలుగేళ్ళుగా ఆ సోఫాలో నేనొక్కణ్ణే ఉన్నాను."

ఆమె చిరునవ్వు కదల్లేదు. "ఒక్క ఇల్లు."

"పైనున్న ఇళ్ళన్నీ అంతే. రేటింగుల ఆఫీసర్ అది కనిపెట్టాడు. ఎందుకు చనిపోయాడనుకుంటున్నారు?"

"గుండెపోటు అన్నాడు కన్సల్టెంట్ నాతో."

"కాఫీలో విషం. ఆ చీటీ నేను చూశాను. రేపు జనం ఓటుకి వచ్చేస్తే ఓడరేవు వాళ్ళు కన్సల్టెంట్‌ని పట్టుకుంటారు. కన్సల్టెంట్ ఎవరిని చూపిస్తాడో మీరే ఆలోచించుకోండి."

మొదటిసారి ఆమె నల్ల కళ్ళద్దాలు తీసింది. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి, మామూలు మనిషి కళ్ళలాగే ఉన్నాయి. ఆరూ పదమూడు. ఆమె గడియారం వంక చూసింది.

"అయితే బాధేముంది?" అంది నెమ్మదిగా. "ఎవరూ వినకపోతే టేపు వెళ్ళనివ్వండి. నేను ఈలోగా పారిపోతాను."

అతని దగ్గర నిజం ఒకటే ఉంది.

"ఎవరూ వినరని కాదు. నాలాంటివాళ్ళు వింటారు. ఇంటికొక్కడే వింటాడు, తలుపు గడియ వాడి చేతిలోనే ఉంటుంది. ఈ టేపు నేను నిన్న విన్నాను. ఇవాళ పొద్దున్నే మా అమ్మాయిని గడప దాటొద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. తప్పని తెలిసే వద్దన్నాను."

తెర మీద బ్రేక్ పడింది. ఒక సబ్బు, ఒక స్కూటరు. తర్వాత ప్రభుత్వ ముద్ర, సైరన్. వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక తండ్రి వీపు. "రేపు ఎవరూ గడప..."

యాంకర్ ఫేడర్ పైకి తోసింది. సైరన్ తెగిపోయింది, బూత్‌లో ఎర్ర దీపం వెలిగింది.

గొంతు అతనిదే, కానీ ఆ గొంతుతో ఆజ్ఞ తప్ప ఇంకేదీ చెప్పడం అతనికి అలవాటు లేదు.

"ఈ గొంతు మీకు తెలుసు," అన్నాడు. "టూత్‌పేస్ట్ అమ్మడానికి వాడాను. అప్పుడు కూడా నాకు పళ్ళ గురించి ఏమీ తెలీదు. మీ తెర మీదున్న ఆర్డరు ప్రభుత్వం ఇచ్చింది కాదు, మోసం. రేపు బయట ఏ ప్రమాదమూ లేదు. ఇది వింటున్న పెద్దవాళ్ళు ఒక్కసారి పక్కకి చూడండి. మీ పక్కన నిజంగా ఎవరైనా కూర్చుని ఉన్నారా? లేకపోతే ఉన్నట్టు రాయించకండి. రేపు వెళ్ళాలా వద్దా అన్నది ఎవరిది వాళ్ళిష్టం. ఎవరైనా వద్దంటే ఎందుకని అడగండి. నేను చెప్పినా అడగండి. అంతరాయానికి చింతిస్తున్నాను."

ఎర్ర దీపం ఆరింది. తెర మీద తండ్రి వీపు కూడా మాయమై, మళ్ళీ క్విజ్ మొదలైంది. పెద్దాయన మనుషులు తలుపు బద్దలుకొట్టి వచ్చేసరికి యాంకర్ డ్యూటీ ఇంజనీరు తలకింద తన కోటు మడిచి పెడుతోంది. కన్సల్టెంట్ ఏ హోటల్లో, ఎన్నో గదిలో ఉన్నాడో అడక్కముందే చెప్పింది. రెండు పక్షాలకూ పనిచేసినవాళ్ళు ఏ పక్షాన నిలబడాలో ఆఖరి నిమిషంలోనే తేల్చుకుంటారని పెద్దాయన తర్వాత ఫైల్లో రాశాడు.

ఆదివారం ఉదయం డ్రైవింగ్ స్కూలు వెనక గదిలో పెద్దాయన కబుర్లు చెప్పాడు. కన్సల్టెంట్ ఓడరేవు కంపెనీ వాళ్ళతో కలిసి హోటల్ గదిలో టీవీ ముందు దొరికాడు. పోలీసులు లోపలికి వెళ్ళేసరికి రిమోట్ పట్టుకుని ఛానెల్ మార్చడానికి అవస్థ పడుతున్నాడు. ఆ నలభై సెకన్లలో ఆరువందల ఇళ్ళలో ఏడువందల ముప్ఫై బటన్లు ఆరిపోయాయి. ఎక్కడికక్కడ ఒక్కొక్క బటనే మిగిలింది. కంపెనీ పుట్టాక సరైన లెక్క రావడం అదే మొదలట.

"ఇంకో సంగతి," అన్నాడు పెద్దాయన. "రాత్రి ఛానెల్‌కి మూడొందల ఫోన్లు. ఆయన మా ఇష్టం అన్నాడు కదా, ఇంతకీ దేనికి ఓటెయ్యమని ఆయన ఉద్దేశం, అని."

సర్వేయర్ నవ్వలేకపోయాడు. జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చీటీ సార్. శుక్రవారమే నాకు అర్థమైంది. సిగ్గేసి చెప్పలేదు."

పెద్దాయన చీటీ ఉన్న కవర్ని అతని ముందుకి జరిపాడు. తిడితే బాగుండునని సర్వేయర్‌కి అనిపించింది.

"సైఫర్ సెక్షన్‌లో ఆరుగురు రెండు రోజులు ఇంటికెళ్ళలేదయ్యా," అన్నాడు. "చీటీ రాసినాయనకి ఇద్దరు పిల్లలు. ఆయన ధైర్యం చేశాడు."

"తెలుసు సార్."

"మీ ఇంటి సంగతి కూడా చూశాను. దేశమంతా బటన్లు ఆర్పుకుంటుంటే మీ ఇంట్లో మూడూ అలాగే వెలిగి ఉన్నాయి. ఎవరు నొక్కారు? నువ్వక్కడ లేవు."

ఆ ప్రశ్నకి జవాబు ఇంట్లో దొరికింది. నిన్న సాయంత్రం టీవీ ఎవరు చూశారని భార్యని అడిగాడు.

"ఎవరూ చూడలేదండీ. నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. అమ్మాయి గదిలో ఉంది."

"మరి బటన్లు?"

"ఆరింటికి టీవీ పెట్టి మూడూ నొక్కాలని మీరే కదా చెప్పారు. ఊళ్ళో లేనప్పుడు కూడా తప్పకూడదన్నారు. నొక్కి వెళ్ళిపోయాను."

దేశమంతా విన్న మాట ఆ ఒక్క ఇంట్లోనే వినపడలేదు. అందుకని దాన్ని మళ్ళీ చెప్పాలి, మైకు లేకుండా, ఎదుటి మనిషి మొహం చూస్తూ. కూతురి గది తలుపు తట్టి, రమ్మనేదాకా బయటే నిలబడ్డాడు.

"నిన్న నేనన్నది తప్పమ్మా," అన్నాడు. "భయపడ్డాను, భయపడ్డానని చెప్పకుండా వద్దన్నాను. ఎప్పుడూ అదే చేశాను. ఇంకా టైం ఉంది. నువ్వు వెళ్ళాలనుకుంటే..."

"పొద్దున ఏడింటికే వెళ్ళొచ్చేశాను నాన్నా. క్యూలో నేను మూడోదాన్ని."

"నేను వద్దన్నానుగా?"

"అవును. ఎందుకని అడిగాను, మీరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆలోచించేదాన్ని."

మంచం మీద పుస్తకం తెరిచి ఉంది, మధ్యలో చీటీ లేదు. ఆమె కొంచెం పక్కకి జరిగింది. కూర్చోమన్నట్టో, పుస్తకం తీసుకోవడానికో తెలియలేదు. అతను అంచు మీద కూర్చున్నాడు. బయట గదిలో భార్య నల్ల పెట్టె తీగ ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది, ఎవరూ ఆమెకు చెప్పలేదు. చనిపోయినాయన పిల్లల సంగతి ఎలా కనుక్కోవాలా అని ఆలోచిస్తూ, మాట కలపడానికి కూతురి వైపు తిరిగాడు. ఇంతకీ దేనికి వేశావన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది.

అడగలేదు. తన ఉద్యోగంలో ఒక రహస్యాన్ని రహస్యంగానే వదిలెయ్యడం అతనికి అదే మొదటిసారి.